గూడు వెదికిన గుమాస్తా



పోయిన నెలలో నా పూర్వ విద్యార్థి ఒకడు ఫోను చేశాడు. గచ్చిబౌలిలో ఉద్యోగం వచ్చిందట. కుశలప్రశ్నలు అయ్యాక, "మాస్టారూ, మీరు హైదరాబాదులోనే పెరిగారు కదా! ఇల్లు ఎక్కడ తీసుకోమంటారు?" అని అడిగాడు. అద్దెలు, మెట్రో స్టేషన్ల దూరాలు అన్నీ అప్పటికే పట్టిక వేసి పెట్టుకున్నాడు. "రెండు రోజులు గడువియ్యి నాయనా, ఆలోచించి చెబుతాను" అన్నాను. ఆలోచించగా తేలినదేమంటే, 1956లో మా నాన్నగారిని వేధించిన ప్రశ్న ఇదే. అంతకు ముందు ఆ నగరానికి పొట్ట చేతబట్టుకొని వచ్చిన ప్రతి మనిషినీ వేధించిన ప్రశ్న కూడా ఇదే. ఆ రెండు రోజుల తలపోతే ఈ టపా.

అసలు ఆ నగరం పుట్టుకే ఇటువంటి ప్రశ్నతో ముడిపడి ఉంది. గోల్కొండ కోటలో జనసమ్మర్దం పెరిగి, నీటికి కటకట ఏర్పడిన కాలంలో, 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా మూసీకి దక్షిణపు గట్టున కొత్త పట్టణానికి పునాది వేశాడు. ఏరు దాటడానికి 1578లో కట్టిన పురానాపూల్ అప్పటికే సిద్ధంగా ఉంది. నీరు ఉన్నది, దారి ఉన్నది. కనుక ఊరు లేచింది. 1806లో హుస్సేన్ సాగర్ ఆవల బ్రిటిషు సైన్యపు విడిది సికందర్ జా పేరిట సికందరాబాదు అయింది. దండు వెంట దర్జీలు, వంటవారు, వర్తకులు, గుమాస్తాలు వచ్చి చుట్టూ చేరారు. పనిచేసే చోటికి నడిచి పోగలిగినంత దూరంలో ఇల్లు ఉండాలి. బస్సులు లేని కాలంలో ఇది ఒక్కటే వాస్తుశాస్త్రం.

ఆ శాస్త్రమే కొందరి పాలిట మృత్యువయింది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి గట్టు మీది పేటలను ఊడ్చిపెట్టింది. వేలాదిమంది ప్రాణాలు కోల్పోయారు. పని ఏటి పక్కన ఉన్నది గనుక వారు ఏటి పక్కన ఉన్నారు. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు వచ్చి పరిశీలించి, ఎగువన జలాశయాలు కట్టాలని సలహా చెప్పారు. ఆ సలహా ఫలితంగా 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి ఇరుకు బస్తీలను తొలగించి, నాంపల్లి, మలకపేట వంటి చోట్ల వెడల్పైన వీధులతో ఇండ్లు కట్టించింది. నగరంలో ఇల్లు ఎక్కడ ఉండాలన్నది ప్రభుత్వం కూడా ఆలోచించవలసిన విషయమని అక్కడ తెలిసివచ్చింది.

నీరు, దారి తరువాత మూడవది మనుషులు. రెసిడెంటు అధికార పరిధిలోని సుల్తాన్ బజారు ప్రాంతం 1933 వరకు నిజాం పాలనకు వెలుపల ఉండేది. అక్కడ కాస్త గాలి ఆడేది. 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఆ చుట్టుపక్కలనే, రావిచెట్టు రంగారావుగారి ఇంట వెలసింది. తెలుగు పుస్తకం చేతిలో పట్టుకొని కూర్చునే చోటు ఉన్నదంటే, తెలుగువాడు ఆ చుట్టూ గది వెదుక్కోవడంలో వింత ఏముంది? చదువుకోవడానికి వచ్చే పిల్లలకు వసతిగృహాలు వెలిశాయి. రాజబహద్దూరు వెంకటరామారెడ్డిగారి పూనికతో 1918లో రెడ్డి హాస్టలు ఏర్పడింది. ఒక్కొక్క కులం పేరిట ఇటువంటివి తరువాత కూడా వచ్చాయి. వాటి మేలు ఎంత చెప్పినా తక్కువే. అయితే పల్లె నుంచి వచ్చిన పిల్లవానికి నగరంలో తొలి చిరునామా కులమే అయిందన్న మాట కూడా చెప్పి తీరాలి. ఈనాటికీ "మీరేమిట్లు?" అని అడిగి గాని తలుపు తీయని ఇంటి యజమానులు లేరా?

ఇక మా నాన్నగారి సంగతి. ఆయన మద్రాసు సచివాలయంలో చిన్న గుమాస్తా. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి, కర్నూలు రాజధాని అయినప్పుడు ఫైళ్ళతో పాటు ఆయనా కర్నూలు చేరారు. అక్కడ కార్యాలయాలు చాలక, ఇండ్లు చాలక, డేరాలు వేసిన సంగతి పెద్దలకు తెలుసు. మూడేండ్లు ఎండకూ గాలికీ కాగి, ఇక స్థిరపడదామనుకునేసరికి 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించింది. మళ్ళీ పెట్టెలు కట్టారు. ఈసారి హైదరాబాదు.

ఆయన ఒక పాత కవరు వెనుక లెక్క వేశారట. సైఫాబాదులోని సచివాలయానికి సైకిలు మీద ఎంతసేపు పడుతుంది? కుళాయి ఇంట్లో ఉన్నదా, వీధిలో ఉన్నదా? చుట్టుపక్కల మనవాళ్ళు ఎంతమంది? మలకపేట ఏటికి అవతల; సికందరాబాదు దూరం. చిక్కడపల్లిలో ఒక ఇంటి వెనుక వాటా దొరికింది. సైకిలుకు అందిన దూరం, పెరటిలో నీళ్ళు, రెండు వీధుల అవతల కర్నూలు డేరాలలో పక్కన పడుకున్న మిత్రులు. లెక్క సరిపోయింది.

కవరు వెనుక లెక్కలోకి రానిది ఒకటి ఉంది. ఆ నగరంలో అప్పటికే మనుషులున్నారు, వారికొక బాధ ఉంది.

'ముల్కీ' అంటే దేశీయుడు. పదిహేనేండ్లు హైదరాబాదు రాజ్యంలో నివసించినవానికే సర్కారు కొలువు అన్న నిబంధన నిజాం కాలం నాటిది. 1948 తరువాత బయటి నుంచి ఉద్యోగులు వచ్చిపడుతున్నారని విద్యార్థులు వీధికెక్కారు. 1952 సెప్టెంబరులో సిటీ కాలేజీ దగ్గర కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. అది జరిగిన నాలుగేండ్లకు మా నాన్నగారు సైకిలు మీద ఆ వీధులలో తిరుగుతూ గది వెదికారు. 1956 ఫిబ్రవరిలో పెద్దమనుషుల ఒప్పందం జరిగింది. అందులోని రక్షణలు అమలు కాలేదన్న ఆవేదన 1969లో ఉద్యమమై రగిలింది. ఎందరో యువకులు బలి అయ్యారు. మాకు బదిలీ ఉత్తరువుగా వచ్చినది వారికి చేజారిన ఉద్యోగంగా కనబడింది. ఈ మాట పెద్దవాణ్ణి అయ్యాక గాని నాకు బోధపడలేదు.

అప్పటికి నాకు తొమ్మిదేండ్లు. ఇంటి యజమానురాలు ముందు వాటాలో ఉండేది. ఆమె "నల్లా వచ్చింది" అంటే మా అమ్మ ముసిముసిగా నవ్వేది. ఆమె "తొవ్వ" అంటే మా నాన్నగారు నవ్వేవారు. ఇంటిలో మేము ఆమె మాటను అనుకరించి ఆడుకునేవాళ్ళం. ఆమె విని ఉంటుంది. గోడ ఒకటే కదా! పండిత శిక్షణ పొందిన తరువాత నాకు తెలిసినదేమంటే, 'తొవ్వ' మన 'త్రోవ'కు తోబుట్టువే. నల్లా ఉర్దూ వైపు నుంచి వచ్చిందని మేము నవ్వాము. మా కుళాయి అరవానికి ఎంత దగ్గరదో మాకు తట్టలేదు. ఆ రెండింటిలో వచ్చే నీళ్ళు ఒకే గొట్టంలోవి.

1969లో ఆమె కొడుకు ఉద్యమంలో తిరుగుతున్నాడు. వీధిలో నినాదాలు వినబడుతున్నాయి. నాన్నగారు మంచం కింది నుంచి మళ్ళీ పెట్టెలు బయటికి లాగారు. ఆ రోజులలో ఒకనాటి తెల్లవారుజామున నీళ్ళు వచ్చిన చప్పుడు వినబడినా అమ్మ పెరటిలోకి పోవడానికి జంకింది. బయటి నుంచి కేక వినబడింది: "నల్లా వచ్చింది, బిందె తెచ్చుకో బిడ్డా, మల్ల బందయితది." అంతే. ఆమె మమ్మల్ని కాపాడతానని చెప్పలేదు, తన కొడుకు చేస్తున్నది తప్పని కూడా అనలేదు. అమ్మ బిందె తీసుకొని వెళ్ళింది. ఆ తరువాత మా ఇంట ఎవరూ ఆమె మాటకు నవ్వలేదు.

నాన్నగారి తరువాతి తరంలో చాలామందికి గూడు వెదికే పని కొంత తప్పింది. రామచంద్రాపురంలో భెల్, బాలానగర్‌లో ఐ.డి.పి.ఎల్., 1967లో ఏర్పడిన ఇ.సి.ఐ.ఎల్. వంటి ప్రభుత్వ సంస్థలు వచ్చాయి. కొలువుతో పాటు క్వార్టరు, బడి, ఆసుపత్రి. మలయాళీ, బెంగాలీ, తెలుగు పిల్లలు ఒకే మైదానంలో ఆడుకున్నారు. కులమూ ఊరూ అడగకుండా ఇంటి తాళంచెవి చేతికిచ్చిన రోజులవి. క్వార్టరు దక్కనివారు ఊరి చివరకు జరిగారు. గృహనిర్మాణ మండలి కూకట్‌పల్లిలో కాలనీ కట్టినప్పుడు "అంత అడవిలోనా!" అని బంధువులు నొచ్చుకునేవారు. 1998లో మాదాపూరులో సైబర్ టవర్స్ లేచింది. ఆ అడవే నడిబజారయింది. 2017లో మియాపూరు నుంచి మెట్రో నడిచింది, 2019లో రాయదుర్గం దాకా సాగింది. దూరమన్నది మైళ్ళలో లేదు, దారిలో ఉన్నదని ఈ చరిత్ర చెబుతుంది.

ఈ పెరుగుదలలో నీటిని మరచిపోయాము. నగరానికి 1965లో మంజీర నీళ్ళు వచ్చాయి. మా కాలానికి కృష్ణ, గోదావరి కూడా వచ్చాయి. దూరపు నదులు ఇంటికి వస్తుంటే దగ్గరి చెరువుతో పని ఏమని పూడ్చుకుంటూ పోయాము. నల్లకుంటలో కుంట ఏది? మాసాహెబా పేరు మోసే మాసాబ్ ట్యాంకులో ట్యాంకు ఏది? 2020 అక్టోబరు వానలకు పాత చెరువుల దారిలో కట్టిన కాలనీలు రోజుల తరబడి నీటిలో నానాయి. 1908లో ఏరు ఊరిలోకి వచ్చింది. 2020లో మనమే పోయి చెరువులో కాపురం పెట్టాము.

చివరగా ఒక విచిత్రం. 2014 జూన్ 2న రాష్ట్రం రెండయింది. 2016లో ఆంధ్రప్రదేశ్ ఉద్యోగులు హైదరాబాదు నుంచి వెలగపూడి సచివాలయానికి తరలారు. వారికి వారానికి ఐదు రోజుల పని పెట్టారు. ఎందరో భార్యాబిడ్డలను హైదరాబాదులోనే ఉంచి, విజయవాడలోనో గుంటూరులోనో మంగళగిరిలోనో గది తీసుకొని, శని ఆదివారాలకు రైలెక్కారు. సరిగా అరవై ఏండ్లకు అదే ప్రశ్న, ఎదురు దిక్కున! వారి తండ్రులలో ఎందరు మా నాన్నగారి వలె కవరు వెనుక లెక్క వేసినవారో!

రెండు రోజుల తరువాత నా శిష్యునికి నేను చెప్పినది ఇది. "నాయనా, మైళ్ళు లెక్కపెట్టకు, సాయంత్రం ఆరు గంటలకు ఒకసారి ఆ దారిన ప్రయాణం చేసి చూడు. అద్దె అడిగే ముందు ఏప్రిల్, మే నెలలలో నీళ్ళు ఎలా వస్తాయో వాచ్‌మన్‌ను అడుగు, యజమానిని కాదు. ఆ చోటికి పాత పేరేమిటో పెద్దవాళ్ళను అడిగి తెలుసుకో. అందులో చెరువో కుంటో ఉంటే కింది అంతస్తు వద్దు."

"మనవాళ్ళు ఎక్కువగా ఉండే చోటు చూడమంటారా మాస్టారూ?" అన్నాడు.

"మొదటి నెలకు చూడు. జ్వరం వస్తే కషాయం కాచి ఇచ్చేవారు కావాలి గదా! కానీ ఆ తరువాత నీ పక్కింటివాడు ఎవరైతే వాడే మనవాడు. అక్కడివాళ్ళు నీళ్ళ కుళాయిని ఏమంటారో నేర్చుకో."

చివరి మాట వాడికి అర్థమయిందో లేదో! "సరే మాస్టారూ" అని పెట్టేశాడు. నిన్న మళ్ళీ ఫోను చేశాడు. బోరబండలో ఒక ఇంటిలో పై వాటా దొరికిందట. అద్దె ఎంతని అడగబోతుండగానే, "ఉండండి మాస్టారూ, నల్లా వచ్చింది, బకెట్టు పెట్టి వస్తాను" అన్నాడు.

మీరూ ఏదో ఒక ఊరు విడిచి ఇంకొక ఊరు చేరినవారే కదా! తొలి గది ఎక్కడ తీసుకున్నారు, ఏ లెక్కతో తీసుకున్నారు, ఏ లెక్క తప్పింది? తీరికగా చెప్పండి, వింటాను.