ఆటల పెట్టె నుండి కంప్యూటరు మీటలకు

1972లో పాంగ్ అను విద్యుత్ ఆట అమెరికాలోని పానశాలలలో వెలసినప్పుడు ఆడువారి చేతికి దొరికినది రేడియో నాబు వంటి నాబు ఒక్కటే. దానిని త్రిప్పిన కొలది తెరపై బ్యాటు పైకిని, క్రిందికిని జరిగెడిది. తరువాతి ఆటలకును నిర్మాతలు వాటికి తగిన పరికరములనే బిగించిరి. 1979 నాటి ఆస్టరాయిడ్స్‌కు అయిదు బొత్తాములు. 1980 నాటి పాక్‌మాన్‌కు నాలుగు దిక్కులకు వంగు పిడి. ఆ సంవత్సరమే వచ్చిన మిసైల్ కమాండ్‌కు అరచేతితో దొర్లించు బంతి.

ఈ ఆటలు ఇంటి కంప్యూటర్లలోనికి వచ్చునప్పటికి చిక్కు ఏర్పడెను. బొమ్మలను కొంతవరకు అనుకరింపవచ్చును. కాని టైపు కొట్టుటకై చేసిన మీటలపై బంతిని దొర్లించుట ఎట్లు?

1977లో వెలువడిన ఆపిల్ 2 సంగతి చూడుడు. దాని కీబోర్డు చివర నొక్కిన అక్షరమునే గుర్తుంచుకొనెడిది. వ్రేలు మీటపై ఇంకను ఉన్నదో, లేచినదో ప్రోగ్రామునకు తెలియదు. పైగా కుడి ఎడమల బాణపు మీటలే గాని పైకి, క్రిందికి చూపునవి లేవు. ఈ లోటును దానితో ఇచ్చిన నాబులు కొంత తీర్చినవి. నాబులో 150 కిలో ఓముల వరకు మారు నిరోధము కలదు. దాని గుండా ఒక కెపాసిటరు విద్యుదావేశము పొందును. నిరోధము హెచ్చిన కొలది కాలము హెచ్చును. ఆ కాలమును యంత్రము 0 నుండి 255 వరకు లెక్కించి నాబు స్థానమును తెలిసికొనును. తరగతిలో నేర్చు సూత్రమే ఇచట ఆటకు పనికివచ్చినది! అయితే పూర్తి లెక్కకు సెకనులో వేయవ వంతులు సుమారు మూడు పట్టును. అంతసేపు యంత్రము బొమ్మను కదలింపజాలదు.

మీటలకు మరియొక దోషము కలదు. వాటి తీగలు అడ్డు వరుసలు, నిలువు వరుసలుగా అల్లబడియుండును. దీర్ఘచతురస్రపు మూడు మూలలలోని మీటలను ఒక్కసారి నొక్కినచో, డయోడులు లేని పలకలలో నాలుగవది కూడ నొక్కినట్లే తోచును. అందుచే మీటల ఎంపిక ఇష్టము వచ్చినట్లు చేయుటకు వీలులేదు. 1982 నాటి స్పెక్ట్రమ్ ఆటలలో పైకి క్రిందికి క్యూ, ఏ. ఎడమ కుడికి ఓ, పీ అనునవి వాడుక అయినవి.

అన్నిటికంటె నష్టపడినది మిసైల్ కమాండ్. అసలు ఆటలో మూడు స్థావరములు, మూడు బొత్తాములు. ఏ స్థావరము నుండి కాల్చవలెనో నిర్ణయించుటలోనే దాని రసమంతయు కలదు. అటారీ ఇంటి కంప్యూటరు పిడికి ఒకే బొత్తాము ఉండెను. కావున స్థావరములును ఒకటే అయినవి. 1997లో నికోలా సాల్మోరియా ప్రారంభించిన మేమ్ అను ప్రోగ్రాము పాత యంత్రములనే అనుకరించి, ప్రతి బొత్తామునకు కోరిన మీటను కేటాయించుకొను వీలు కల్పించినది. బంతికి బదులు మౌసు వచ్చినది. మూడు స్థావరములును తిరిగి వచ్చినవి.