అణు హృదయ చిత్రణ

అతి స్వల్ప పరిమాణంలో రేడియోధార్మిక పదార్థాన్ని సిరలోనికి ఎక్కించి, అది వెలువరించే కిరణాల సహాయంతో గుండె పనితీరును చిత్రించే వైద్య విధానమే అణు హృదయ చిత్రణ. వాడుకలో దీనిని థాలియం స్కాన్ అని కూడా అంటారు. హృద్ధమని ఎంత ఇరుకయినదో యాంజియోగ్రామ్ చూపుతుంది. ఆ ఇరుకు వలన గుండె కండరానికి రక్తం నిజంగా తగ్గుతున్నదా, ఆ కండరం ఇంకా సజీవంగా ఉన్నదా అనే విషయాలను అణు చిత్రణ తెలుపుతుంది. స్టెంటు లేదా బైపాస్ శస్త్రచికిత్స అవసరమా అనే నిర్ణయానికి ఈ సమాచారం తోడ్పడుతుంది.

పరీక్షించే పద్ధతి

రోగిని ట్రెడ్‌మిల్‌పై నడిపించి, గుండె వేగం తగినంత పెరిగినపుడు పదార్థాన్ని ఎక్కిస్తారు. నడవలేనివారికి అడెనొసిన్ వంటి మందు ఇస్తారు. రక్తం బాగా అందే కండరం ఈ పదార్థాన్ని ఎక్కువగా గ్రహిస్తుంది. విశ్రాంతి స్థితిలో తీసిన చిత్రంతో దీనిని పోలుస్తారు. శ్రమలో మాత్రమే లోపం కనిపిస్తే రక్తం కొరతగాను, రెండింటిలోనూ కనిపిస్తే సాధారణంగా పాత గుండెపోటు మిగిల్చిన మచ్చగాను భావిస్తారు. సందేహమున్నచోట, సజీవ కణాలు గ్రహించే గ్లూకోజు వంటి పదార్థంతో పెట్ స్కాన్ చేస్తారు.

అభివృద్ధి క్రమం

* 1958: హాల్ యాంగర్ తన గామా కెమెరాను ప్రదర్శించాడు.
* 1970వ దశకం: థాలియం-201 వాడుకలోనికి వచ్చింది. దీని అర్ధాయువు సుమారు 73 గంటలు కావడంతో ఎక్కువ మోతాదు ఇవ్వడానికి వీలుండేది కాదు.
* 1989: పెట్ స్కాన్‌లో వాడే రుబీడియం-82కు అమెరికాలో అనుమతి లభించింది. దీని అర్ధాయువు సుమారు 76 సెకండ్లే.
* 1990: టెక్నీషియం-99ఎం సెస్టామిబికి అక్కడే అనుమతి లభించింది. టెక్నీషియం-99ఎం అర్ధాయువు 6 గంటలు; చిత్రం మరింత స్పష్టంగా వస్తుంది.
* 2024: ఫ్లోరిన్-18తో తయారయ్యే ఫ్లర్‌పిరిడాజ్‌కు అమెరికాలో అనుమతి లభించింది. ఫ్లోరిన్-18 అర్ధాయువు సుమారు 110 నిమిషాలు కనుక, దీనిని తయారీ కేంద్రం నుండి దూరంలో ఉన్న ఆసుపత్రులకు కూడా పంపవచ్చు.

కాడ్మియం జింక్ టెల్యురైడ్ స్ఫటికాలు గల కెమెరాలు వచ్చాక చిత్రీకరణ సమయము, రేడియోధార్మిక మోతాదు రెండూ తగ్గాయి.

పరిమితులు

సాధారణ గామా చిత్రణ కండరంలోని ఒక భాగాన్ని మరొక భాగంతో పోలుస్తుంది. మూడు ప్రధాన హృద్ధమనులూ సమానంగా ఇరుకయితే పోల్చదగిన ఆరోగ్యకరమైన భాగమే ఉండదు. తీవ్రమైన వ్యాధి ఉన్నా చిత్రం మామూలుగా కనిపించవచ్చు. పెట్ స్కాన్ ఒక్కొక్క గ్రాము కండరానికి నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్ల రక్తం అందుతున్నదో లెక్కించగలదు కనుక ఈ లోపాన్ని చాలావరకు తీరుస్తుంది. రేడియోధార్మికత కారణంగా గర్భిణులకు ఈ పరీక్షను సాధారణంగా చేయరు.

టెక్నీషియంకు మూలమైన మాలిబ్డినం-99 ప్రపంచంలో కొద్ది రియాక్టర్లలోనే తయారవుతుంది. 2009లో కెనడాలోని చాక్ రివర్ రియాక్టరు ఆగిపోయినపుడు అనేక దేశాలలో కొరత ఏర్పడి, కొన్ని ఆసుపత్రులు తిరిగి థాలియంను ఆశ్రయించాయి.