కూర్పు యంత్రం కథ: ఆటకా, చదువుకా?

తెలుగులో ‘కూర్చు’ అన్న ధాతువు చాలా పనులు చేస్తుంది. పూలు కూర్చితే దండ, మాటలు కూర్చితే కావ్యం, సీసపు అక్షరాలు కూర్చితే అచ్చుకు సిద్ధమైన పుట. కంపోజింగుకు అక్షరకూర్పు అని చక్కని పేరు పెట్టుకొన్న మనం, విడిభాగాలు కొని బిగించుకొన్న కంప్యూటరును మాత్రం ‘అసెంబుల్డ్’ అనే అన్నాం. నాకు దానిని కూర్పు యంత్రం అనాలని ఉంటుంది. ఈ టపాలో అలాగే అంటాను. చదువరులు మన్నింతురు గాక.

పిల్లలకు మొదటి కంప్యూటరు కొనేటప్పుడు ఇళ్ళలో ఒక తగవు వస్తుంది. తండ్రి చదువుకు కొంటున్నానంటాడు. పిల్లవాడు రాసుకొచ్చిన చిట్టాలో గ్రాఫిక్స్ కార్డు ఉంటుంది. దాని ధర మిగిలిన భాగాలన్నిటి ధరతో పోటీ పడుతూ ఉంటుంది. “చదువుకు ఇదెందుకు మాస్టారూ?” అని అడిగిన తల్లిదండ్రులు నాకు చాలామంది తగిలారు. పదవీ విరమణ తరువాతా ఈ మధ్యవర్తిత్వం తప్పలేదు. వారికి నేను తీర్పు చెప్పను, ఆ పెట్టె చరిత్ర చెబుతాను. ఆ చరిత్రలో రెండు సంగతులున్నాయి. ఒకటి, భాగాలను మనం ఎంచుకోగలగడం సహజంగా వచ్చిన సౌకర్యం కాదు, పోట్లాడి నిలబెట్టుకొన్నది. రెండు, ఆ పెట్టెలో ఆటా చదువూ ఎన్నడూ విడివిడిగా పెరగలేదు.

1975 జనవరి ‘పాపులర్ ఎలక్ట్రానిక్స్’ పత్రిక ముఖచిత్రంగా ఆల్టెయిర్ 8800 అనే యంత్రం వచ్చింది. అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రం, అల్బుకర్కీ నగరంలో ఎడ్ రాబర్ట్స్ నడిపిన మిట్స్ అనే చిన్న సంస్థ దానిని విడిభాగాల పొట్లంగా అమ్మింది. ధర సుమారు 400 డాలర్లు. కొన్నవారే కూర్చుని ఒక్కొక్క భాగానికీ టంకం పెట్టుకోవాలి. అంతా అయ్యాక చూస్తే కీబోర్డు లేదు, తెర లేదు. ముందు పలక మీద మీటలు, చిన్న దీపాలు, అంతే. జ్ఞాపకశక్తి 256 బైట్లు. నేటి యూనికోడ్ లెక్కలో తెలుగు సంకేతం ఒక్కొక్కటి మామూలుగా 3 బైట్లు తీసుకొంటుంది. ఉత్పలమాలకు పాదానికి 20 చొప్పున 80 అక్షరాలు. గుణింతాలూ ఒత్తులూ కలిపితే ఒక్క పద్యం కూడా అందులో పట్టదు!

అయినా ఆ పెట్టెకు ఒక గొప్ప గుణం ఉంది. లోపలి కార్డులన్నీ 100 తీగల వరుస ఒకదానికి గుచ్చుకొంటాయి. ఆ వరుస కొలతలు తెలిస్తే ఎవరైనా కార్డు చేసి అమ్మవచ్చు. చేశారు కూడా. మిట్స్ కంటే మంచి మెమరీ కార్డులు ఇతరులు చేశారు. ఆ వరుసకే తరువాత ఎస్-100 అని పేరు నిలిచింది. ఒకరి యంత్రంలో మరొకరి భాగం అమరడం ఇంటి కంప్యూటర్ల లోకంలో ఇక్కడ మొదలైంది.

అదే సంవత్సరం మార్చి 5న కాలిఫోర్నియాలో మెన్లో పార్కులోని ఒక కారు షెడ్డులో కొందరు ఔత్సాహికులు చేరి హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్ పెట్టుకొన్నారు. ఆ గుంపులోని స్టీవ్ వోజ్నియాక్ చేసిన ఆపిల్-1, 1976లో 666.66 డాలర్లకు వచ్చింది. దొరికేది బోర్డు మాత్రమే. పెట్టె, కీబోర్డు, తెర, విద్యుత్తు ఏర్పాటు కొన్నవారే చూసుకోవాలి. మరుసటి ఏడాది వచ్చిన ఆపిల్-2 అమెరికా బడులలోకి విస్తారంగా వెళ్ళింది. దానికి రంగులు, శబ్దం, చేతితో తిప్పే పిడులు ఎందుకు పెట్టాడని అడిగితే వోజ్నియాక్ చెప్పిన సమాధానం తమాషాగా ఉంటుంది. అంతకుముందు అటారీ సంస్థ కోసం బంతితో ఇటుకలు పగలగొట్టే బ్రేక్‌అవుట్ ఆటకు ఆయన సర్క్యూటు గీశాడు. ఆ ఆటను బేసిక్ భాషలో రాసి ఆడాలన్న కోరికతోనే వాటిని చేర్చాడట. పిల్లలకు ప్రోగ్రాము రాయడం నేర్పిన యంత్రం రూపురేఖలను ఒక ఆట నిర్ణయించిందన్నమాట.

ఇక అసలు మలుపు 1981 ఆగస్టు 12. ఆనాడు ఐబీఎమ్ తన పీసీని ప్రకటించింది. సుమారు ఏడాది గడువులో తయారు చేయవలసి రావడంతో ఫ్లోరిడాలోని ఆ బృందం సొంత భాగాల జోలికి పోకుండా బయట దొరికేవాటితోనే యంత్రాన్ని కూర్చింది. ప్రాసెసరు ఇంటెల్ 8088, నడిపే వ్యవస్థ మైక్రోసాఫ్ట్‌ది. కార్డుల కోసం ఐదు గాడులు. అన్నిటినీ మించి, సర్క్యూటు పటాలతో సహా సాంకేతిక గ్రంథాన్ని అచ్చువేసి అమ్మింది. గంభీరమైన ఆ వ్యాపారయంత్రానికి మొదటి రోజు ప్రకటించిన సాఫ్ట్‌వేరులో గుహలలో నిధులు వెదికే ఆట కూడా ఒకటి ఉంది.

ఐబీఎమ్ చేతిలో మిగిలిన తాళంచెవి ఒక్కటే: బయోస్ అనే చిన్న ప్రోగ్రాము. దానిని నకలు తీస్తే నేరం. కాంపాక్ సంస్థ వేరే దారి తొక్కింది. ఒక జట్టు ఐబీఎమ్ బయోస్ చదివి అది ఏమి చేస్తుందో మాత్రం రాసింది. దానిని ఎన్నడూ చూడని మరొక జట్టు ఆ వివరణను బట్టి కొత్తగా ప్రోగ్రాము రాసింది. మా పండిత పరిభాషలో చెప్పాలంటే, ఒకరు లక్షణం చెబితే వేరొకరు లక్ష్యం రచించారు. 1984 నుంచి ఫీనిక్స్ అనే సంస్థ ఇటువంటి బయోస్‌ను ఎవరికైనా అమ్మసాగింది. దానితో తైవాన్ తయారీదారులకు తలుపులు తెరుచుకొన్నాయి.

ఇలా వచ్చిన యంత్రం నిజంగా పీసీకి సరిజోడా అని తెలుసుకోవడానికి ఆనాటి సమీక్షకులు రెండు ప్రోగ్రాములు నడిపి చూసేవారు. ఒకటి లెక్కల పట్టికలు వేసే లోటస్ 1-2-3, రెండోది విమానం నడిపే ఆట ఫ్లైట్ సిమ్యులేటర్. పనికొకటి, ఆటకొకటి! రెండూ నడిస్తేనే యంత్రం ఉత్తీర్ణత పొందినట్లు.

1987లో ఐబీఎమ్ మనసు మార్చుకొంది. పీఎస్/2 యంత్రాలలో కార్డుల గాడిని కొత్త పద్ధతిలో చేసి, దానిని వాడుకొనేవారు రుసుము కట్టాలన్నది. మరుసటి ఏడాది కాంపాక్‌తో సహా తొమ్మిది సంస్థలు కలిసి పాత కార్డులు కూడా పట్టే గాడిని ప్రకటించాయి. ఐబీఎమ్ గాడి బజారులో నిలవలేదు. ఇంటెల్ చొరవతో 1992లో పీసీఐ గాడి, 1995లో ఏటీఎక్స్ అనే బోర్డు కొలత వచ్చాయి. ఏటీఎక్స్ బోర్డు 305 మిల్లీమీటర్లు పొడవు, 244 వెడల్పు. నేడు కొనే క్యాబినెట్‌లో మరలు బిగించే చోట్లు ఆ కొలతకు లోబడినవే.

తెలుగు పండితుడికి ఇదంతా సంధి ప్రకరణంలా కనిపిస్తే ఆశ్చర్యమేముంది? సంధి సూత్రాలు ఏ ఒక్కరి సొత్తూ కావు కనుకనే మనమందరం పదాలు కలుపుకోగలుగుతున్నాం. సంధి నిత్యం, వైకల్పికం, నిషేధం అని బడిలో చెప్పుకొన్నాం కదా. ప్రాసెసరుకూ బోర్డు మీది సాకెట్‌కూ నిత్యసంధి, సరిపోని జతకు రూపమే లేదు. విడి గ్రాఫిక్స్ కార్డు చాలా యంత్రాలలో వైకల్పికం. డీడీఆర్4 ర్యామ్‌ను డీడీఆర్5 గాడిలో పెట్టడం నిషేధం. నొక్కు వేరేచోట ఉంటుంది గనుక అది దిగనే దిగదు. మొదటిసారి భాగాలు ఎంచుకొనేవారు ఏది గొప్పది అని వెదుకుతారు. ఏది దేనితో కలుస్తుంది అన్నది ముందు చూడవలసిన సంగతి.

మన దేశానికి ఈ గాలి ఆలస్యంగా వీచింది. 1984 నవంబరునాటి కంప్యూటర్ విధానం దిగుమతులను కొంత సడలించింది. 1991 సంస్కరణలు మరికొంత. 1997లో భారతదేశం సమాచార సాంకేతిక ఒప్పందంలో చేరి, కంప్యూటర్ల మీద, భాగాల మీద సుంకాలను 2005 నాటికి తొలగించడానికి ఒప్పుకొంది. ఆ సంవత్సరాలలోనే ఢిల్లీలో నెహ్రూ ప్లేస్, బెంగుళూరులో ఎస్పీ రోడ్, చెన్నైలో రిచీ స్ట్రీట్, సికింద్రాబాదు పార్క్‌లేన్‌లో సీటీసీ అని అందరూ పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్ కిటకిటలాడాయి. దుకాణదారు కొటేషన్ కాగితం మీద ఒక్కొక్క వరుస రాసేవాడు: ప్రాసెసరు, మదర్‌బోర్డు, ర్యామ్, హార్డ్ డిస్కు, క్యాబినెట్, మానిటరు, చివర యూపీఎస్. కరెంటు కోతల ఊళ్ళలో ఆ చివరి వరుసను కొట్టివేయడానికి వీలు లేదు. బేరం కూడా వరుసవారీగానే సాగేది. కాగితం మీద చదువు పేరుతో చేరినవి సౌండు కార్డు, సీడీ డ్రైవు. విజ్ఞాన సర్వస్వం సీడీలు చూడాలంటే అవి ఉండాలి మరి! ఆ రెండూ వచ్చిన రాత్రే ఇంట్లో ఆటలు కూడా మొదలయ్యేవని వేరే చెప్పాలా?

ఆటలు ఊరికే కూర్చోలేదు. 1993 డిసెంబరులో వచ్చిన డూమ్ ప్రాసెసరు చేతనే త్రిమితి భ్రమను గీయించింది. 1996లో 3డీఎఫ్ఎక్స్ సంస్థ వూడూ కార్డు త్రిమితి చిత్రాలు గీయడానికే పుట్టింది. మామూలు చిత్రాలకు పాత కార్డు పక్కనే ఉండాలి. 1999లో ఎన్విడియా జీఫోర్స్ 256 వచ్చి, ప్రాసెసరు నెత్తిన ఉన్న లెక్కలలో మరికొన్ని తన మీద వేసుకొంది. అప్పటి నుంచి కొటేషన్ కాగితంలో గ్రాఫిక్స్ కార్డుకు ప్రత్యేక వరుస, ఇళ్ళలో తగవు స్థిరపడ్డాయి.

మన సొంత కథ ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. తెలుగు 1991లోనే యూనికోడ్‌లో చేరినా మన ఇళ్ళలోని విండోస్ 98 పెట్టెలలో అది సరిగా కుదురుకోలేదు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ గౌతమి అనే ఖతితో తెలుగును తెచ్చింది. సంక్లిష్ట లిపుల పెట్టెలో టిక్కు పెట్టి, సీడీ మళ్ళీ దూర్చి, ఒత్తులు ఒదిగి కూర్చోవడం చూసిన ఆనాటి మిత్రులకు ఆ సంబరం గుర్తుండే ఉంటుంది. ఎక్స్‌పీకి కనీసం 64 ఎంబీ ర్యామ్ కావాలి, సుఖంగా నడవాలంటే 128. అంతకు తక్కువ ఉన్న కూర్పు యంత్రాలవారు పెట్టె పారేయలేదు. మూత విప్పి ఒక ర్యామ్ పలక గుచ్చుకొన్నారు. నా పెట్టెలో అదనంగా వేయించిన మొదటి భాగం అదే. వేయించింది ఆటకు కాదు, కొలువు పనికి కాదు. కేవలం తెలుగు అక్షరం కోసం.

ఆట కార్డు సంగతికి తిరిగి వద్దాం. ఒకేసారి వేలకొద్దీ చిన్న లెక్కలు చేయగల ఆ కార్డుల చేత శాస్త్ర గణితం చేయించే కూడా పద్ధతిని ఎన్విడియా 2007లో విడుదల చేసింది. 2012లో టొరంటో విశ్వవిద్యాలయ విద్యార్థి అలెక్స్ క్రిజెవ్‌స్కీ, ఇల్యా సట్స్‌కెవర్‌, తమ గురువు జెఫ్రీ హింటన్‌తో కలిసి బొమ్మలను గుర్తుపట్టే కార్యక్రమం తయారు చేశాడు. దానికి శిక్షణ ఇచ్చింది రెండు జీటీఎక్స్ 580 కార్డుల మీద. అవి దుకాణంలో దొరికే ఆట కార్డులే. యంత్రం ఉన్నది ఆ విద్యార్థి పడకగదిలో. ఐదారు రోజులు నడిచిన ఆ శిక్షణ నేటి కృత్రిమ మేధకు ఒక ప్రధాన ద్వారమైంది. “చదువుకు ఆట కార్డెందుకు?” అన్నవారికి నేను చెప్పే ఉదాహరణలలో ఇది చివరిది.

కానీ కథ అక్కడ ఆగలేదు. కృత్రిమ మేధ కేంద్రాల గిరాకీ వల్ల మెమరీ చిప్పులు అటు మళ్ళి, 2025 చివరి నెలలలో ఇళ్ళవారు కొనే ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. క్రూషియల్ పేరుతో చిల్లర కొనుగోలుదారులకు ర్యామ్ అమ్ముతూ వచ్చిన మైక్రాన్ సంస్థ ఆ వ్యాపారం నుంచి తప్పుకొంటున్నట్లు 2025 డిసెంబరులో ప్రకటించింది. మరోవైపు ఎన్నో ల్యాప్‌టాపులలో ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది. విప్పడం, పెంచడం కుదరదు. ఆల్టెయిర్ నుంచి అందరూ నిలబెట్టుకొంటూ వచ్చిన సంధి స్వేచ్ఛ మళ్ళీ సన్నబడుతున్నది.

అందుకే ఇప్పుడు నన్నడిగే తల్లిదండ్రులకు నేను చెప్పే మాట ఇది. పెట్టె కూర్పు యంత్రమే కావాలి. డబ్బు తక్కువైతే గ్రాఫిక్స్ లోపలే ఉన్న ప్రాసెసరు తీసుకోండి, చదువుకు అది ధారాళంగా చాలు. ర్యామ్‌ను ఒక్క పలకగా కాక సమానమైన రెండు పలకలుగా వేయించండి. సమాచారం రెండు దారులలో నడుస్తుంది. ఆ మేలు లోపలి గ్రాఫిక్స్‌కు బాగా తెలుస్తుంది. సాకెట్ ఎన్నేళ్ళు నిలుస్తుందో విచారించండి. ఏఎమ్‌డీవారి ఏఎమ్4 సాకెట్ 2016లో వచ్చింది, 2024లో కూడా దానికి కొత్త ప్రాసెసరు వచ్చింది. ఎస్‌ఎమ్‌పీఎస్ దగ్గర పొదుపు వద్దు, అది చెడిపోతే మిగిలినవాటికీ ముప్పు. బోర్డు మీద కార్డు గాడిని ఖాళీగా ఉంచండి. పిల్లవాడు తరువాత ఎప్పుడో తన స్కాలర్‌షిప్పుతోనో, మొదటి జీతంతోనో కార్డు తెచ్చి తానే గుచ్చుకొంటాడు. మూత విప్పేటప్పుడు పక్కన నిలబడండి, చేయి అడ్డం పెట్టకండి.

మీ మొదటి కూర్పు యంత్రంలోని భాగాల చిట్టా గుర్తున్న మిత్రులు కింద రాయగలరు. ఏ భాగానికి ఇంట్లో ఏ కారణం చెప్పారో కూడా రాస్తే చరిత్రకు మరింత మేలు చేసినవారవుతారు.