సేవా? పాలనా?

దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు పక్కన మనవాళ్ళు తప్పకుండా రాసే 'సంఘసేవకురాలు' అన్న మాట నన్ను ఇబ్బంది పెడుతుంది. 1909లో రాజమండ్రిలో పుట్టి, బాల్యవివాహం నుంచి బయటపడి, జైలుకెళ్ళి వచ్చాక లా చదివి, 1946లో రాజ్యాంగ సభలో అడుగుపెట్టిందామె. 1952లో ప్రణాళికా సంఘ సభ్యురాలు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు తొలి అధ్యక్షురాలు. దేశమంతటా స్వచ్ఛంద సంస్థలకు నిధులందించే యంత్రాంగాన్ని నిలబెట్టడం పాలన కాక మరేమిటి?

ఆమె సి.డి. దేశ్‌ముఖ్‌ని పెళ్ళాడిందీ 1953లోనే. పదవికి అడ్డు రాలేదు. మరుసటి ఏడాది వచ్చిన ఐ.ఎ.ఎస్. నియామక నిబంధనలు మాత్రం, పెళ్ళి చేసుకున్న అధికారిణిని 'సర్వీసు సామర్థ్యం' పేరుతో రాజీనామా అడిగే అధికారాన్ని కేంద్రానికిచ్చాయి. 1972లో గానీ అది తొలగలేదు.

పరీక్ష రాసి సంపాదించుకున్న ఉద్యోగానికి పెళ్ళి అడ్డు. సేవ పేరుతో అప్పగించిన బాధ్యతకు కాదు. దుర్గాబాయిని పాలనాధికారిగా చదవడం మొదలుపెడితేనే ఈ తేడా మనకు కనిపిస్తుంది.