ఆధి, వ్యాధి, సుషేణుని క్షేత్రం

సుమ్మాదేవి, పలాస, టెక్కలి ప్రాంతాల శైవక్షేత్రాలలో రావివలస ఎండల మల్లికార్జునస్వామి సన్నిధి విలక్షణమైనది. ఇక్కడి శివలింగానికి పైకప్పు లేదు. వానరవైద్యుడైన సుషేణుడు ఇక్కడి సుమంచ పర్వతంపై తపస్సు చేసి, రోగార్తులకు చికిత్స చేసి, దేహత్యాగం చేశాడని స్థలపురాణం. ఆ దేహాన్ని హనుమంతుడు జింకచర్మంతో కప్పి మల్లెపూలు ఉంచాడట. అక్కడ వెలసిన లింగమే మల్లికార్జునుడు. ఆ లింగాన్ని సోకిన ఎండ, గాలి ఆరోగ్యప్రదమని భక్తుల విశ్వాసం. ఈ గాథలో వైద్యుడే తపస్వి. ఔషధానికీ ఉపాసనకూ విరోధం లేదు.

ఈ సమన్వయానికి శాస్త్రాధారం ఉన్నది. చరకసంహిత సూత్రస్థానం చికిత్సను మూడు విధాలుగా విభజించింది: మంత్రహోమాదుల రూపమైన దైవవ్యపాశ్రయం, ఆహారౌషధాల రూపమైన యుక్తివ్యపాశ్రయం, అహిత విషయాల నుండి మనస్సును మరలించే సత్త్వావజయం. పతంజలి చిత్తవిక్షేపానికి సహచరాలుగా దుఃఖ దౌర్మనస్యాలతోపాటు శరీరకంపాన్ని, శ్వాసవైషమ్యాన్ని కూడా లెక్కించాడు. పరిహారాలలో మైత్రీకరుణాది భావనల సరసనే ప్రాణనియమనాన్ని నిలిపాడు.

యోగవాసిష్ఠంలోని చూడాలోపాఖ్యానం మరింత సూక్ష్మంగా విచారించింది. మనోవ్యథ ఆధి, దేహబాధ వ్యాధి. ఆధి చేత ప్రాణగతి విషమమై, నాడులు క్షోభించి, అన్నం సరిగా జీర్ణం కాక వ్యాధి జనిస్తుంది. అట్టి వ్యాధి ఆధితోపాటే శమిస్తుంది. అయితే ఆధి నుండి పుట్టని వ్యాధులూ ఉన్నాయని, వాటికి ఔషధ మంత్రాదులు, వైద్యశాస్త్రోక్త చికిత్సలు ఉపాయాలని ఆ గ్రంథమే చెప్పింది.

ఈ వివేకం ఉద్దానానికి నేడు అత్యవసరం. దశాబ్దాలుగా ఈ తీరగ్రామాలను మూత్రపిండవ్యాధి పీడిస్తున్నది. దాని కారణం ఇదమిత్థమని నేటికీ తేలలేదు. 2023లో పలాసలో 200 పడకల మూత్రపిండ వ్యాధుల ఆసుపత్రి ప్రారంభమైంది. ఇట్టి రోగిని చూచి "నీ మనస్సే దీనికి మూలం" అనడం శాస్త్రవిరుద్ధం, దయాహీనం. ధ్యానం చాలునని డయాలిసిస్ మాన్పించడం ప్రాణాపాయకరం. కాని రోగినీ, ఇంటిల్లిపాదినీ పట్టి ఉంచే భయం, నిద్రలేమి, బిగిసిన దేహం, పైపైన ఆడే శ్వాస ఉపేక్షింపదగినవి కావు. అక్కడ నిదానమైన శ్వాస, జపం, సత్సంగం, ఆత్మీయుల ఓదార్పు వైద్యానికి తోడవుతాయి.

వాల్మీకి యుద్ధకాండలో లక్ష్మణుడు శక్తిహతుడై పడినప్పుడు సుషేణుడు చేసినది ఇదే. ముఖకాంతినీ శ్వాసనూ పరీక్షించి, లక్ష్మణుడు జీవించియే ఉన్నాడని ముందుగా రాముని శోకాన్ని ఉపశమింపజేశాడు. వెంటనే ఓషధి కోసం హనుమంతుని పంపాడు. ఓదార్పుతో ఆగిపోలేదు, ఓషధి వచ్చేవరకు ఓదార్పును వాయిదా వేయనూ లేదు.