కరీంనగర్ ఇసుక ఈగల్లో దొరికిన ఆనవాలు

2003 జూన్‌, ఆగస్టు మధ్య ఉత్తర తెలంగాణ పల్లెల్లో పిల్లలు ఉన్నట్టుండి కుప్పకూలారు. ఒళ్లు కాలిపోయే జ్వరం, వాంతులు, ఫిట్స్‌, ఆపై స్పృహ తప్పడం. చాలామంది రెండు రోజులు కూడా దాటలేదు. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది జబ్బుపడితే 183 మంది చనిపోయారు. ఊళ్లో అందరూ మెదడువాపు అన్నారు. ఎందుకు వచ్చిందో ఎవరికీ తెలియదు.

మెదడువాపు అనగానే డాక్టర్లకు ముందు తట్టేది జపనీస్‌ ఎన్‌సెఫలైటిస్‌. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ అది కాదంది. డెంగీ, వెస్ట్‌ నైల్‌, తట్టు కూడా కాదని తేల్చింది. అసలు చిక్కు ఇక్కడే. మామూలు రక్తపరీక్ష వెతికేది వైరస్‌ మీద ఒంట్లో పుట్టే యాంటీబాడీలను. ఈ జబ్బులో అవి నాలుగు రోజులు దాటాకే ఎక్కువగా కనిపించాయి. అన్నాళ్లు బతికిన పిల్లలెందరు? అందుకే నేరుగా వైరస్‌నే పట్టుకోవాల్సి వచ్చింది.

కరోనా తర్వాత ఆర్‌టీ పీసీఆర్‌ పేరు తెలియని ఇల్లు లేదు. వైరస్‌ ఆర్‌ఎన్‌ఏని డీఎన్‌ఏగా మార్చి, దాన్ని విడతవిడతకూ రెట్టింపు చేస్తారు. 30 విడతలకు ఒక్క ముక్క వంద కోట్లు దాటుతుంది. ఈ పద్ధతి కరోనాకు 17 ఏళ్ల ముందే మన పిల్లల విషయంలో పనికొచ్చింది. ఆరుగురి నమూనాల నుంచి వైరస్‌ను వేరుచేశారు. ఈ పరీక్షతో తొమ్మిది మందిలో దాని ఆర్‌ఎన్‌ఏ దొరికింది. చనిపోయిన ఒక బిడ్డ మెదడులోనూ దొరికింది.

అది చాందీపుర వైరస్‌. 1965లో నాగపూర్‌ దగ్గరి ఆ పేరుగల ఊళ్లో జ్వరపడ్డ ఇద్దరిలో తొలిసారి కనిపించింది. ఆదిలాబాద్‌ దాటితే నాగపూర్‌ ఎంత దూరం! జన్యుక్రమం పోల్చి చూస్తే 1965 నాటి వైరస్‌తో 96.7 నుంచి 97.5 శాతం సరిపోయింది.

ఇన్ని చావులకూ ఇదొక్కటే కారణమా అని కొందరు వైద్యులు అప్పట్లో అడిగారు. తొమ్మిది నమూనాలే చేతిలో ఉన్నప్పుడు అడగాల్సిన ప్రశ్నే అది. తర్వాత ఉత్తర తెలంగాణలోనే జరిగి 2008లో వెలువడిన అధ్యయనం, పిల్లల మెదడువాపుకు ఈ వైరస్‌ పెద్ద కారణమని చెప్పింది.

నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది 2005లో వచ్చిన చిన్న పరిశోధన పత్రం. కరీంనగర్‌ జిల్లాలో పట్టిన సెర్జెంటోమియా అనే ఇసుక ఈగల్లో చాందీపుర వైరస్‌ ఉందని అందులో రాశారు. దోమకన్నా బాగా చిన్నవి ఈ ఈగలు. నిలవనీటిలో పుట్టవు. మట్టిగోడల పగుళ్లలో, పశువుల కొట్టాల్లో ఉంటాయి. వైరస్‌ను మోసేవి ఇవే అయితే మురుగుగుంటలకు మందు కొట్టి ఊరుకుంటే చాలదు. గోడల పగుళ్లు పూడ్చాలి, కొట్టాల్లోనూ మందు చల్లాలి.

2024లో గుజరాత్‌లో ఇదే వైరస్‌ మళ్లీ పిల్లల ప్రాణాలు తీసింది. దీనికి ఇప్పటికీ టీకా లేదు, ప్రత్యేకమైన మందూ లేదు.