మోటారు సైకిలు సవారి: సుఖము, అదుపు కలిసిన కథ

2016 పునర్విభజనకు పూర్వపు కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాలలో మోటారు సైకిలుపై దూరప్రయాణము చేయువారు రెండు తెగల నేలలను దాటవలసి యుండును. ఆదిలాబాదు వైపు ప్రత్తి పండు నల్లరేగడి భూములు హెచ్చు. ఈ మన్ను తడిసినపుడు ఉబ్బును, ఎండినపుడు కుంచించుకొని నెఱ్ఱెలు విచ్చును. అట్టి నేలపై వేసిన బాట కొంతకాలమునకు అలలు తేరును. కరీంనగరు వైపు చెల్క నేలలు విరివిగా కలవు. వానిలో ఇసుక పాలు ఎక్కువ, ఉబ్బు తక్కువ. నిర్మలు దాటిన పిమ్మట పాత రహదారిపై మహబూబు ఘాటు మలుపులు వేరొక పరీక్ష పెట్టును.

అలలు తేరిన బాటపై నడుము నొవ్వకుండుట సుఖము. ఘాటు మలుపులో బండి చెప్పినట్లు వినుట అదుపు. ఈ రెండును ఒకే బండిలో కుదరవని నిర్మాతలలోను, పందెగాండ్రలోను పెక్కురు చాలకాలము నమ్మిరి. మెత్తని బండి మలుపులో తూలునని, మలుపులో నిలువవలసిన బండి గట్టిగా ఉండి తీరవలెనని వారి వాదము. ఆ నమ్మిక ఎట్లు తొలగినదో తెలిసికొనుట భౌతికశాస్త్రమునకు మంచి పాఠము.

బిగిచట్రముల కాలము

తొలినాటి మోటారు సైకిలు ఇంజను బిగించిన సైకిలే. వెనుక చక్రము చట్రమునకు నేరుగా బిగించబడి యుండెడిది. సీటు క్రింది స్ప్రింగులే నడుమునకు దిక్కు. 1913లో అమెరికాకు చెందిన ఇండియన్ సంస్థ వెనుక చక్రమునకు పట్టీ స్ప్రింగులను అమర్చి చూచెను. కాని స్ప్రింగు ఒక్కటే చాలదు. అది గుంతలో గ్రహించిన శక్తిని దాచి, మరల తిప్పి యిచ్చును. బండి ఒకసారి ఎగిరిన తరువాత ఇంకను ఊగుచునే యుండును. కీలు అరిగినచో చక్రము ప్రక్కకు కూడ కదలును. మెత్తదనమునకు చెడ్డపేరు వచ్చినది ఇందువలననే.

ఆ ఊగుటను అణచుటకు నూనె సాయపడినది. స్ప్రింగు కదలినపుడు నూనె సన్నని రంధ్రములగుండా దూరునట్లు చేసినచో, చలనశక్తి ఉష్ణముగా మారి ఊపు త్వరగా ఆగును. 1935లో జర్మనీకి చెందిన బి.ఎం.డబ్ల్యు. సంస్థ తన ఆర్ 12 బండికి ఇట్టి టెలిస్కోపిక్ ఫోర్కును ముందు భాగమున అమర్చెను. వెనుక భాగము మాత్రము ఇంకను బిగిచట్రమే.

బుల్లెట్టుకు జరిగిన పరీక్ష

1948లో ఇంగ్లండునందలి రెడ్డిచ్ పట్టణపు రాయల్ ఎన్‌ఫీల్డు సంస్థ బుల్లెట్టు అను కొత్త బండిని రాళ్లు, బురద నిండిన దారుల పోటీలకు పంపెను. దాని వెనుక చక్రము ఒక కీలుపై క్రిందికి మీదికి ఊగు చేతికి బిగించబడి, నూనె గొట్టములతో కూడిన స్ప్రింగులపై నిలిచియుండెను. అట్టి దారులలో వెనుక స్ప్రింగు ఉన్నచో చక్రము పట్టు తప్పునని అనుభవజ్ఞులు సందేహించిరి. ఆ యేడే ఇటలీలోని సాన్ రెమో వద్ద జరిగిన అంతర్జాతీయ ఆరు దినముల పోటీలో బ్రిటిషు జట్టున నడచిన రెండు బుల్లెట్లును బంగారు పతకములు పొందెను.

కారణము సులభము. టైరు పట్టు ఘర్షణ వలన కలుగును. ఘర్షణ చక్రము నేలను అదుము బలముపై ఆధారపడును. చక్రము గాలిలోనికి ఎగిరినచో ఆ బలము సున్న. అపుడు మలుపు లేదు, బ్రేకు లేదు. చక్రమును నేలకు అంటియుంచు అమరికయే నడుమును కూడ కాపాడును. సుఖము, అదుపు ఒకే వేరునుండి పుట్టినవి.

1955లో ఈ సంస్థ మద్రాసు మోటార్స్‌తో కలిసి ఎన్‌ఫీల్డు ఇండియాను స్థాపించెను. తిరువొత్తియూరు కర్మాగారమున తయారైన బుల్లెట్లు సైన్యమునకు, పోలీసులకు చేరినవి. 1960వ దశకమున మైసూరు జావా, ఫరీదాబాదు రాజదూత్ బండ్లు దానికి తోడైనవి. 346 ఘన సెంటీమీటర్ల బుల్లెట్టు, 250 తరగతి జావా, 175 తరగతి రాజదూత్ మూడును వేర్వేరు బరువులు గలవి. స్ప్రింగుపై మోయబడు భారము ఎక్కువై, చక్రముతోపాటు ఎగురు భారము తక్కువైనచో సవారి నిమ్మళముగా ఉండును. తిన్నని బాటపై బుల్లెట్టు హుందాగా సాగుటకు ఇది ఒక కారణము. అదే బరువు వంకర మలుపులలో చేతులకు పని పెంచును.

ఈకల పరుపు

1950లో నార్టన్ సంస్థ బెల్‌ఫాస్టుకు చెందిన రెక్స్ మెక్‌కాండ్లెస్ రూపొందించిన చట్రమును పందెపు బండ్లకు వాడెను. రెండు ఉక్కు గొట్టపు చుట్లను హ్యాండిలు మెడవద్ద ఒకదానినొకటి దాటించి అతికిన ఈ చట్రము సులభముగా మెలిపడదు. దానిని నడిపిన హెరాల్డ్ డానియెల్, పాత చట్రముతో పోల్చి, ఈకల పరుపుపై సవారివలె ఉన్నదనెను. తెలుగువాడైనచో హంసతూలికాతల్పమని యుండును. ఇంగ్లీషున అదియే ఆ చట్రమునకు పేరైనది.

ఆ యేడు మాన్ దీవిలోని సుమారు 60 కిలోమీటర్ల చుట్టుదారిపై జరిగిన సీనియరు పందెమున జెఫ్ డ్యూక్ ప్రథముడుగా, నార్టన్ బండ్లే మొదటి మూడు స్థానములు పొందినవి. సుఖముగా ఉన్నదని చెప్పిన బండియే గడియారమునందును గెలిచెను.

నడుమునకు తెలిసిన గణితము

బండి బరువునకు, మనిషి బరువునకు స్ప్రింగు ఎన్ని సెంటీమీటర్లు క్రుంగునో కొలిచి, దాని వర్గమూలముచే 5ను భాగించినచో, స్ప్రింగు సెకనుకు ఎన్నిమార్లు సహజముగా ఊగునో ఇంచుమించుగా తెలియును. 6 సెంటీమీటర్లు క్రుంగినచో సెకనుకు సుమారు 2 మార్లు. కూర్చున్న మనిషి శరీరమును సెకనుకు 4 నుండి 8 మార్లు కలుగు నిట్టనిలువు కంపనములు మిక్కిలి బాధించును. ఈ విషయమును లెక్కలోనికి తీసికొన్న అంతర్జాతీయ ప్రమాణము ఐ.ఎస్.ఒ. 2631 మొదట 1974లో వెలువడెను.

ఇపుడు 3 మీటర్లకొక అల గల బాటను తీసికొందురు గాక. గంటకు 60 కిలోమీటర్ల వేగమున బండి సెకనుకు 16.7 మీటర్లు పోవును, అనగా 5.6 కుదుపులు. బిగిచట్రమైనచో ఇవన్నియు వెన్నెముకకు చేరును. పై స్ప్రింగు, నూనె ప్రమేయము లేని సరళమైన లెక్కలో, వాని పరిమాణమున ఏడవ వంతును మాత్రమే పైకి పంపును. అదే బాటపై వేగము 22 కిలోమీటర్లకు తగ్గినచో కుదుపులు సెకనుకు 2 అగును. ఇది స్ప్రింగు సహజపు ఊపుతో కలియుటచే అనునాదము కలిగి బండి మిక్కిలి ఎగిరిపడును. నూనె గొట్టముల విలువ అపుడు తెలియును. ఒకే వేగమున చేసిన పోలిక మోసపుచ్చుటకు ఇది తార్కాణము.

అదుపునకు సంబంధించిన గణితము 1971లో ఆర్. ఎస్. షార్ప్ పరిశోధనతో స్పష్టమైనది. బండి ప్రక్కకు ఒరిగిపోవుట, వెనుక భాగము పాము నడకగా ఊగుట, ముందు చక్రము గజగజలాడుట అను మూడు చలనములను ఆయన సమీకరణములనుండి విడదీసి చూపెను. సవారులు ఎన్నడో ఎరిగిన భయములకు అట్లు లెక్క దొరకినది.

పోల్చు పద్ధతి

రెండు బండ్లను న్యాయముగా పోల్చుటకు ఒకే బాట, ఒకే సవారి, ఒకే బరువు ఉండవలెను. టైర్ల గాలి ఆయా నిర్మాత చెప్పిన మేరకు నింపవలెను. కనీసము మూడు వేగములలో, రెండు దిక్కులకును నడపవలెను. మొదటి బండి, రెండవది, మరల రెండవది, చివరకు మొదటిది అను వరుసలో నడిపినచో సవారి అలసట ఏ ఒక్కదానికే నష్టము చేయదు. దుకాణము ముందు మెత్తగా తోచిన సీటు నూరు కిలోమీటర్ల తరువాత నడుమును నొప్పించవచ్చును. కాన తీర్పు ప్రయాణాంతమున వ్రాయవలెను.

లైసెన్సు లేని విద్యార్థులు బండి నడపరాదు. వారు ఆర్టీసీ బస్సులో కూర్చుండి ఈ పాఠము నేర్వవచ్చును. ముందు చక్రముపై ఒకసారి, వెనుక సీటులో ఒకసారి కూర్చుండి, చేతి ఫోనులోని త్వరణమాపకముతో కుదుపులను నమోదు చేసి, తమ నడుము చెప్పిన తీర్పుతో సరిచూడవచ్చును. డానియెల్ మాటను పందెపు గడియారము రుజువు చేసినట్లే, సవారి అనుభూతి కొలతకు నిలిచినపుడు శాస్త్రమునకు సాక్ష్యమగును.